తెగిన ముక్కు – అతికిన విద్య

కొన్ని మాసముల క్రిందట మా ఆరోగ్య ప్రసంగముల శాఖకు ఒక శ్రోత వ్రాసిన లేఖ వచ్చినది. వారి తల్లిగారికి ముక్కు ప్రక్కన మినపగింజంత పుండు లేచి, రెండేళ్లయినా మానక, పెచ్చు కట్టుచు, పెచ్చు రాలినప్పుడెల్ల రక్తము చెమర్చుచు ఉన్నదట. పరీక్షించిన వైద్యులు అది చర్మమునకు వచ్చిన కాన్సరని తేల్చి, చుట్టుప్రక్కల కొంత చర్మముతో సహా దానిని కోసి తీసివేయవలెనని చెప్పినారు. ఆ పెద్దావిడ ఒప్పుకొనలేదు. ‘ప్రాణము పోతే పోనీ గాని, ముక్కు లేని ముఖముతో పేరంటమునకు పోలేను’ అన్నారట. ‘మీ మాట అయితే మా అమ్మ వింటుంది, రేడియోలో ఒకసారి చెప్పండి’ అని లేఖ ముగిసినది.

ఆవిడ మాటను చాదస్తమని కొట్టివేయుటకు మాకు మనసొప్పలేదు. ముక్కును గురించి మన భాష ఎన్ని మాటలు దాచుకొన్నదో చూడండి. నిజాయితీ గలవాడు ముక్కుసూటి మనిషి. తొందరగా అలిగేవాడికి కోపము ముక్కుమీదనే ఉండును. వింత చూచినవారు ముక్కున వేలు వేసుకొందురు. కష్టముమీద కష్టము వచ్చినప్పుడు ‘ముక్కిడికి తోడు పడిశము’ అందుము. ముక్కిడి యనగా ముక్కు లేనివాడు. అట్టివానికొక పేరే ఏర్పడి, సామెతలోనికి ఎక్కినదంటే, పూర్వము అటువంటివారు ఊరిలో కనబడుట అంత అరుదు కాదని గ్రహింపవచ్చును. రామకథలో శూర్పణఖకు జరిగిన శిక్ష మనకు తెలిసినదే. దొంగతనమునకు, శీలముపై నిందకు, యుద్ధములో పట్టుబడినందుకు కూడ ముక్కు కోయుట మన దేశములో చిరకాలము సాగిన క్రూరాచారము. ప్రాణము తీయక పరువు తీయుటయే ఆ శిక్షలోని ఉద్దేశము.

ఐతే, ముక్కులు కోసిన ఈ దేశములోనే కోసిన ముక్కులను తిరిగి అతికిన చేతులు కూడ ఉండెను. ఆ చేతుల కథయే నేటి మా ప్రసంగమునకు విషయము. ఇది ప్రాచీన గ్రంథములో మొదలై, పూనా సమీపమున ఒక ఇటుకల పనివాని చేతిలో వెలుగుచూచి, సముద్రములు దాటి, నేడు కాన్సరు వైద్యశాలలో ముగియు కథ.

మొదట సుశ్రుతుని సంగతి. సుశ్రుత సంహిత క్రీస్తుకు పూర్వపు శతాబ్దములలో పుట్టి, తరువాత పలుమారులు సంస్కరింపబడిన గ్రంథము. దాని సూత్రస్థానములో పదునాఱవ అధ్యాయము చెవులు కుట్టు విధానముతో ఆరంభమగును. తెగిన చెవితమ్మెలను అతుకు పద్ధతులు పెక్కింటిని వర్ణించిన పిదప గ్రంథకర్త ముక్కును గురించి చెప్పినాడు. పోయిన ముక్కు ఎంత ఉన్నదో అంతకు సరిపడునట్లు ఒక చెట్టు ఆకును తీసికొని కొలత చూడవలెను. ఆ ఆకు కొలతకు చెంపనుండి చర్మమును కోయవలెను. కాని దానిని పూర్తిగా వేరుచేయరాదు, ఒక కొస చెంపకు అంటియే ఉండవలెను. ముక్కు మొదలును గీచి పచ్చిచేసి, ఈ చర్మమును దానిపైకి త్రిప్పి చక్కగా కూర్పవలెను. శ్వాస ఆడుటకు రెండు గొట్టములు అమర్చి, ముక్కును పైకెత్తి నిలుపవలెను. పతంగము, అతిమధురము, రసాంజనము పొడిచేసి చల్లి, తెల్లని దూదితో కప్పి, నువ్వులనూనెతో తడుపుచుండవలెను. అతుకు గట్టిపడిన తరువాత మిగిలిన బంధమును కోయవలెను. ముక్కు చిన్నదైనచో పెంచుటకు, పెద్దదైనచో తగ్గించుటకు యత్నింపవలెను.

ఇంతే విషయము. కాని ఈ కొద్ది మాటలలో ఒక గొప్ప సూత్రము ఇమిడియున్నది. శరీరమునుండి పూర్తిగా తెంచిన దళసరి చర్మమును మరియొకచోట అంటించినచో, అది రక్తము అందక ఎండి చచ్చిపోవును. ఒక కాడ మిగిల్చినచో ఆ కాడగుండా రక్తము ప్రవహించి చర్మము బ్రతుకును. క్రొత్తచోటినుండి క్రొత్త రక్తనాళములు దానిలోనికి పెరిగిన తరువాత కాడతో పని తీరును. అప్పుడు దానిని కోయవచ్చును. రక్తప్రసరణము ఎట్లు జరుగునో విలియం హార్వే 1628లో నిరూపించుటకు ఎన్నో శతాబ్దములకు ముందే, ఆ ప్రసరణముపై ఆధారపడిన చికిత్సను మనవారు అనుభవముతో కనుగొన్నారు.

సుశ్రుతుని తరువాత ఈ విద్య యేమైనదో వ్రాతలలో పట్టుకొనుట కష్టము. వైద్యగ్రంథములు చదివిన పండితుల చేతులలో శస్త్రచికిత్స క్రమముగా సన్నగిల్లినది. రక్తమును, చీమును తాకు పని పండితునకు తగదను భావము బలపడినది. కాని పని పోలేదు, చేతులు మారినది. కొన్ని కుటుంబములవారు తండ్రి కొడుకునకు, కొడుకు మనుమనికి నేర్పుచు దానిని కాపాడుకొన్నారు. హిమాలయ సానువులలోని కాంగడా అట్టి ముక్కు వైద్యులకు ప్రసిద్ధి చెందిన స్థలము. మహారాష్ట్ర దేశములో కూడ అట్టివారుండెను. వారికి సంస్కృతము రాకపోవచ్చును. వారిని గురించి ఎవరును గ్రంథములు వ్రాయలేదు. ఒక ఎడ్లబండివాని దురదృష్టమే లేకున్నచో వారి పని లోకమునకు తెలిసియుండెడిదే కాదు.

ఆ బండివాని పేరు కోవాస్‌జీ. టిప్పు సుల్తానునకు ఇంగ్లీషువారికి 1790 మొదలు 1792 వరకు జరిగిన యుద్ధములో అతడు ఇంగ్లీషు సేనకు సామానులు తోలు మరాఠా పనివాడు. టిప్పు సైనికులకు బందీగా చిక్కగా, అతని ముక్కును, ఒక చేతిని కోసివేసినారు. ఆ స్థితిలో బొంబాయి సైన్యమునకు తిరిగివచ్చి, కుంఫిణీవారి భరణము పొందుచు, ఇంచుమించు ఒక సంవత్సరము ముక్కు లేకయే గడపినాడు. తరువాత పూనా సమీపమున ఇటుకలు చేయు కులమునకు చెందిన ఒకడు అతనికి క్రొత్త ముక్కును పెట్టినాడు. క్రూసో, ఫిండ్లే అను ఇద్దరు ఇంగ్లీషు వైద్యులు ఆ చికిత్సను కన్నులార చూచినారు. ఆ వివరము, కోవాస్‌జీ చిత్రముతో సహా, 1794 అక్టోబరులో లండనులోని జెంటిల్‌మన్స్ మాగజీను అను పత్రికలో లేఖగా ప్రకటితమైనది.

ఆ లేఖ చెప్పిన పద్ధతి ఇది. పనివాడు మొదట పలుచని మైనపు రేకును తీసికొని ముక్కు మొదలుమీద పెట్టి, చక్కని ముక్కు ఆకారము వచ్చునట్లు మలచును. ఆ రేకును చదునుచేసి నుదుటిమీద పరచి, దాని చుట్టును గీత గీయును. అంతటితో మైనముతో పని తీరినది. గీత వెంబడి నుదుటి చర్మమును కోసి లేపును. రెండు కన్నుల నడుమ మాత్రము సన్నని పట్టీని కోయక విడిచిపెట్టును. ముక్కు మొదలున ఉన్న పాత మచ్చను చెక్కి, ముక్కు రెండు ప్రక్కలను, పై పెదవి పొడవునను గాటు పెట్టును. నుదుటినుండి దించిన చర్మమును సగము త్రిప్పి, దాని అంచును ఆ గాటులో ఇమిడ్చును. ఇక కుట్టు లేదు. మన తాంబూలములో వేసికొను కాచును నీటితో మెత్తచేసి, గుడ్డపీలికలకు పూసి, ఐదారు పీలికలను ఒకదానిమీద నొకటి అంటించును. నాలుగు దినములు ఆ కట్టును కదల్చరు. తరువాత నేతిలో ముంచిన గుడ్డలు వేయుదురు. రోగి ఐదారు దినములు వెల్లకిల పరుండవలెను. పదవ దినమున ముక్కుపుటాలు మూసికొనిపోకుండ మెత్తని గుడ్డలు దూర్చుదురు. ఇంచుమించు ఇరువదియైదవ దినమున కన్నుల నడుమనున్న కాడను కోయుదురు.

శ్రోతలు ఒక సంగతి గమనించియుందురు. సుశ్రుతుడు చెంపనుండి చర్మము తీయుమన్నాడు. ఈ పనివాడు నుదుటినుండి తీసినాడు. చెంపచర్మముకంటె నుదుటిచర్మము రంగులోను, దళసరిలోను ముక్కుకు దగ్గరగా ఉండును. ముక్కు మొదటికి దగ్గరనే కనుబొమ్మల నడుమనుండి పైకి పోవు రక్తనాళములు దానిని పోషించును. ఈ మార్పును చేసినదెవరో, ఎప్పుడు చేసినారో చెప్పు గ్రంథము లేదు. పండితుని శ్లోకమును పనివాడు బట్టీపట్టి ఊరుకొనలేదు. తరతరములు పని చేయుచు దానిని మెరుగుపరచినాడని మాత్రము మనము గర్వముతో చెప్పుకొనవచ్చును.

ఇక్కడ మా మనసును కలచు విషయమొకటి కలదు. ఆ పత్రికలో రోగి పేరున్నది. చూచిన ఇంగ్లీషు వైద్యుల పేర్లున్నవి. చిత్రము గీసిన జేమ్స్ వేల్సు పేరు చరిత్రలో నిలిచినది. ముక్కును చేసిన మనిషి పేరు మాత్రము ఎవరును అడుగలేదు. ‘ఇటుకల కులమువాడు’ అని వ్రాసి ఊరుకొన్నారు. లోకములో ముఖశస్త్రచికిత్సకు నూతన జీవము పోసిన ఆ మనిషి పేరు మనకు ఎన్నటికిని తెలియదు.

ఆ లేఖ లండనులో ప్రకటితమగునాటికి యూరపులో ఈ విద్య ఏ స్థితిలో ఉండెనో చూతము. పదునైదవ శతాబ్దములో సిసిలీ ద్వీపమున కటానియా పట్టణములో బ్రాంకా అను కుటుంబమువారు ముక్కులు అతికెడివారు. తండ్రి ముఖముమీది చర్మమును వాడగా, కుమారుడు ఆంటోనియో చేతి చర్మమును వాడినాడు. సుశ్రుత సంహిత అబ్బాసీ ఖలీఫాల కాలమున అరబ్బీలోనికి అనువదింపబడినది కనుక, ఆ మార్గమున ఈ జ్ఞానము సిసిలీ చేరియుండునని కొందరు తలచినారు. అది ఊహయే గాని నిరూపితము కాదు. తరువాత బొలోన్యా విశ్వవిద్యాలయమున ఆచార్యుడైన గాస్పరో తాల్యాకొట్సీ చేతి చర్మముతో ముక్కు చేయు పద్ధతిని బొమ్మలతో వివరించుచు 1597లో వెనిసులో పెద్ద గ్రంథము ప్రకటించినాడు. రోగి తన చేతిని తలకు కట్టుకొని, మోచేయి ముఖమునకు ఎదురుగా పెట్టుకొని, ఇంచుమించు మూడు వారములు కదలక ఉండవలెను. ఆ బొమ్మను చూచినవారికి ఒళ్లు జలదరించక మానదు.

తాల్యాకొట్సీ 1599లో మరణించినాడు. ఆ వెనుక యూరపులో ఈ విద్య ఇంచుమించు రెండు వందల సంవత్సరములు మూలపడినది. దానికి తోడు ఒక మూఢనమ్మకము ప్రబలినది. ముక్కు కొరకు మాంసము ఇచ్చినవాడు చనిపోయిన దినమున ఆ ముక్కు కూడ కుళ్లి రాలునని జనులు చెప్పుకొని నవ్వుకొనిరి. తాల్యాకొట్సీ రోగి సొంత చేతినే వాడినాడన్న సంగతి ఆ నవ్వులో మరుగుపడినది.

ఇట్టి సమయమున కోవాస్‌జీ వార్త లండను చేరినది. జోసెఫ్ కార్ప్యూ అను శస్త్రవైద్యుడు ఆ లేఖను చదివి, హిందూదేశమునుండి వచ్చినవారిని విచారించి, శవములపై ఆ పద్ధతిని అభ్యసించినాడు. తగిన రోగి దొరకుటకు అతడు చాలకాలము వేచియుండవలసి వచ్చినది. 1814 అక్టోబరు 23న, ముక్కు పోగొట్టుకొన్న ఒక సైనికాధికారికి నుదుటి చర్మముతో క్రొత్త ముక్కు పెట్టినాడు. పదునైదు నిమిషములలో పని ముగిసినది. మత్తుమందు అప్పటికి లేదు. ఆ అధికారి కేకపెట్టక భరించినాడు. మూడవ దినమున కట్టు విప్పినప్పుడు ముక్కు నిజముగానే నిలిచియుండుట చూచి చుట్టునున్నవారు ఆశ్చర్యపడినారు. రెండవ రోగి, 1811లో ఆల్బూయెరా యుద్ధమున తన పటాలపు జెండాను కాపాడుచు కత్తిదెబ్బకు ముక్కును, చెంపలో కొంత భాగమును పోగొట్టుకొన్న లేథమ్ అను యోధుడు. ఈ రెండు చికిత్సల వివరమును కార్ప్యూ 1816లో పుస్తకముగా ప్రకటించినాడు. 1818లో బెర్లినులోని గ్రేఫె అను వైద్యుడు ముక్కు నిర్మాణమును గురించి గ్రంథము వ్రాసి, పద్ధతులను హైందవము, ఇటాలియము, జర్మను అని మూడుగా విభజించినాడు. నుదుటి చర్మముతో చేయు పద్ధతికి ‘ఇండియన్ పద్ధతి’ యను పేరు నాటినుండి నేటివరకు నిలిచియున్నది. మనిషి పేరు పోయినను దేశము పేరు మిగిలినది.

మన దేశములో ఆ పని ఆగిపోయినదని తలంపరాదు. సౌరాష్ట్రములోని జునాగఢ్ సంస్థానమున ముఖ్యవైద్యాధికారియైన త్రిభువన్‌దాస్ మోతీచంద్ షా, బందిపోట్లు కోసిన ముక్కులకు నుదుటి చర్మముతో చికిత్స చేసి, నూరుమందికి పైగా రోగుల అనుభవమును 1889లో పుస్తకముగా వెలువరించినాడు. కుటుంబ విద్యయు, కళాశాల విద్యయు ఆయన చేతిలో కలిసినవి.

ఐనను, ఆ కాలపు ముక్కులలో ఒక లోపముండెను. మొదట చక్కగా కనబడిన ముక్కు కొన్ని మాసములకు ముడుచుకొని, కుంచించి, పుటాలు మూసికొనుచుండెడిది. ముక్కనగా చర్మము మాత్రమే కాదు. ఇంటికి పైకప్పు, దూలములు, లోపలి పూత ఉన్నట్లే ముక్కునకు మూడు అంతస్తులు కలవు: పైన చర్మము, నడుమ ఎముకయు మృదులాస్థియు, లోపల తడిగానుండు పలుచని పొర. దూలములు లేని కప్పు ఎట్లు క్రుంగునో, లోపల పచ్చిగా విడిచిన చర్మము అట్లు ముడుచుకొనును. ఇండోరులో వైద్యుడుగా ఉండిన కీగన్ 1900లో ప్రకటించిన గ్రంథములో, మిగిలిన ముక్కు చర్మమును లోపలికి మడిచి లోపొర ఏర్పరచు ఉపాయమును వివరించినాడు. ఇంతలో 1846లో బోస్టనులో ఈథరు మత్తు ప్రదర్శింపబడుట, 1867లో లిస్టరు క్రిమినాశక శస్త్రచికిత్సను ప్రకటించుట జరిగినవి. అంతకు పూర్వము పదునైదు నిమిషములలో ముగింపవలసిన పనిని ఇక తీరికగా, శుభ్రముగా చేయు వీలు కలిగినది.

మొదటి ప్రపంచయుద్ధము మరల ఎన్నో ముఖములను చెరిపివేసినది. న్యూజీలాండులో జన్మించిన హెరాల్డ్ గిల్లీస్ ఇంగ్లండులోని సిడ్‌కప్ వద్ద ముఖగాయములకే ప్రత్యేకింపబడిన ఆసుపత్రిలో వేలకొలది సైనికులకు చికిత్స చేసినాడు. చర్మపు పట్టీ అంచులను కలిపి గొట్టమువలె కుట్టి, దానిని చీము పట్టకుండ కాపాడు ఉపాయమును 1917లో ఆయన వాడుకలోనికి తెచ్చినాడు. అర్మీనియాలో పుట్టి బోస్టనులో పనిచేసిన కజాంజియన్, నుదుటి నడుమనుండి సన్నని పట్టీని తీసి ఆ గాయమును వెంటనే కుట్టివేయు పద్ధతిని 1946లో వివరించినాడు. దానితో నుదుట మిగులు పెద్ద మచ్చ ఒక సన్నని గీతగా తగ్గినది.

శ్రోతలారా, ఇంతవరకు చెప్పిన ముక్కులన్నియు కత్తికి, తుపాకికి, రాజదండనమునకు బలియైనవి. నేడు ముక్కు పునర్నిర్మాణమునకు వచ్చువారిలో ఎక్కువమంది చర్మపు కాన్సరు తీసివేయించుకొన్నవారు. ఇక కథ ఆ వ్యాధివైపు తిరుగును.

చిన్న పుండుగా మొదలై, ఏళ్లతరబడి మానక, మెల్లమెల్లగా కండను, మృదులాస్థిని, ఎముకను తినివేయు వ్రణమును పూర్వులు ఎరుగుదురు. ఐతే క్షయ పుండు, సవాయి రోగపు పుండు, కాన్సరు పుండు అని వేరుచేసి చూచు సాధనములు వారికి లేవు. డబ్లినులోని ఆర్థర్ జేకబ్ అను వైద్యుడు 1827లో కనురెప్పపై వచ్చు ఇట్టి పుండును ప్రత్యేకముగా వర్ణించినాడు. ఎలుక కొరికినట్లు తినునది కనుక ఇంగ్లీషువారు దానికి ఎలుకపుండను అర్థము వచ్చు పేరు పెట్టినారు. హంగరీ దేశీయుడైన క్రోంపెఖర్ సూక్ష్మదర్శినితో పరిశీలించి, చర్మపు పైపొర అడుగుననున్న కణములను పోలిన కణములతో ఏర్పడు కాన్సరిది యని 1903లో నిర్ణయించినాడు. బేసల్ కణముల కాన్సరను పేరు అట్లు వచ్చినది. ఇది దూరపు అవయవములకు ప్రాకుట చాల అరుదు; కాని ఉన్నచోట ఊరుకొనదు. దీనికి ముఖ్యకారణము ఎండలోని అతినీలలోహిత కిరణములు. ముఖములో ముందుకు వచ్చి ఎండకు ఎదురొడ్డునది ముక్కే కదా! తెల్లజాతులవారిలో ఈ వ్యాధి ఎక్కువ. మన చర్మములోని నల్లని వర్ణద్రవ్యము గొడుగువలె కాపాడును గాని పూర్తి రక్షణ ఇవ్వదు. మనవారిలో ఇది తరచు నల్లగా ఉండి, పుట్టుమచ్చ యను భ్రమ కలిగించును. చర్మపు కాన్సరులలో పొలుసుకణముల కాన్సరు, మెలనోమా అను ఇతర రకములు కూడ కలవు. అవి దేహములో ప్రాకగలవు కనుక మరింత తొందరపడవలెను.

ఈ పుండును కోయుటలో వైద్యునకు ఒక ధర్మసంకటము కలదు. తక్కువ కోసినచో వ్యాధి మిగిలి, మరల మొలకెత్తును. ఎక్కువ కోసినచో ముక్కు పోవును. పైకి గోరంత కనబడినను వేళ్లు చర్మము క్రింద ఎటు పోయినవో కంటికి తెలియదు. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున ఫ్రెడరిక్ మోస్ అను వైద్యుడు దీనికొక మార్గము కనుగొని 1941లో ప్రకటించినాడు. జింకు క్లోరైడు కలిసిన లేపనముతో పుండును గట్టిపరచి, పలుచని పొరగా కోసి, పొర అడుగుభాగమును, అంచులను అంతయు సూక్ష్మదర్శినితో చూచి, వ్యాధి ఎక్కడ మిగిలినదో పటముమీద గుర్తించి, సరిగా అచ్చటనే మరియొక పొర తీయుట ఆయన పద్ధతి. ఇట్లు వ్యాధి లేని పొర వచ్చువరకు సాగును. లేపనము బాధ పెట్టెడిది, దినములు పట్టెడిది, పైగా గాయమును వెంటనే పూడ్చుటకు వీలుండెడిది కాదు. 1953లో మోస్ ఒక కనురెప్ప పుండుకు లేపనము లేకయే పచ్చి పొరలను గడ్డకట్టించి పరీక్షించినాడు. 1970 తరువాత ఈ విధానమే వ్యాపించినది. మొదటిసారి వచ్చిన బేసల్ కణముల కాన్సరు ఈ పద్ధతిలో 99 శాతము వరకు నయమగునని అనుభవము. మోస్ పద్ధతి లేనిచోట కూడ, కోసిన ముక్కను పరీక్షకు పంపి, అంచులలో వ్యాధి లేదని తేలిన తరువాత పునర్నిర్మాణము చేయవచ్చును. ముందు వ్యాధిని వెడలగొట్టుట, పిమ్మట రూపమును నిలుపుట. ఈ వరుస తప్పరాదు.

గాయము చిన్నదైనచో కొన్నిచోట్ల దానంతటదే మానును, లేదా అంచులు కలిపి కుట్టుదురు. ప్రక్కనున్న ముక్కుచర్మమునే జరిపి పూడ్చు ఉపాయము 1918లో హాలండు దేశీయుడైన ఎసర్ చూపినాడు. చెవి దగ్గరి చర్మమును తెచ్చి అతుకుటయు కలదు. గాయము పెద్దదై, ముక్కు కొన, పుటము పోయినప్పుడు నుదుటి చర్మమే శరణ్యము.

నేటి శస్త్రవైద్యుడు అప్పుడేమి చేయునో వినండి. చెడని వైపు ముక్కును చూచి, కుట్టుదారముల పొట్లముపై ఉండు పలుచని లోహపు రేకును కత్తిరించి గాయపు కొలత తీయును. సుశ్రుతుని ఆకు, పూనా పనివాని మైనపు రేకు, నేటి లోహపు రేకు – మూడును ఒక్కపనికే. ఆ రేకును నుదుట బెట్టి గీత గీయును. కనుబొమ్మ లోపలి కొస దగ్గర పైకి పోవు రక్తనాడిని గుర్తించి, దానిపై సన్నని కాడను నిలుపును. చర్మమును లేపి, క్రిందికి త్రిప్పి, ముక్కుపై అమర్చును. లోపొరకు ముక్కులోని చర్మమునే వాడును. దూలములకు చెవినుండి గాని, ప్రక్కటెముకనుండి గాని మృదులాస్థిని తెచ్చును. బర్గెట్, మెనిక్ అను అమెరికా వైద్యులు 1985లో చెప్పిన సూత్రము ప్రకారము ముక్కు ఉపరితలము తొమ్మిది భాగములు. ఒక భాగములో సగముకంటె ఎక్కువ పోయినచో ఆ భాగమునంతటిని క్రొత్తగా చేసినయెడల కుట్టుగీతలు సహజమైన వెలుగునీడల సరిహద్దులలో మరుగుపడును.

తరువాత రోగి మూడు వారములకు తక్కువ కాకుండ కనుబొమ్మనుండి ముక్కు వరకు మాంసపు వంతెనతో ఉండవలెను. అద్దములో చూచుకొనుటకు మనసు రాని దినములవి. చుట్ట, బీడీ, సిగరెట్టు అలవాటున్నవారు ముందుగానే మానవలెను, పొగ రక్తనాళములను కుంచింపజేయును. మూడు వారముల తరువాత కాడను కోయుదురు. కొందరు నడుమ ఒకసారి చర్మమును పలుచచేసి, మరికొన్ని వారములు ఆగి కోయుదురు. పూనా పనివాడు ఇరువదియైదవ దినమున కోసినాడని చెప్పితిమి. గడియారము లేదు, సూక్ష్మదర్శిని లేదు. అనుభవము చెప్పిన లెక్క నేటి లెక్కకు ఎంత దగ్గరగా ఉన్నదో చూడండి.

ఇక ఆ లేఖకు మేము వ్రాసిన జవాబు. ‘అమ్మగారికి ఇట్లు చెప్పండి. పుండును విడిచిపెట్టినచో ముక్కు ఎట్లును పోవును. పోవుచు చెంపను, కంటిని కూడ పట్టుకొనిపోవచ్చును. ఇప్పుడు తీయించుకొన్నచో పోవునది కొంచెము. ఆ కొంచెమును తిరిగి నిలుపు విద్య పరదేశమునుండి వచ్చిన వింత కాదు, ఈ నేలమీదనే పుట్టినది. కుట్టుగీతలు కొంతకాలము కనబడును. ముక్కు మునుపటివలెనే ఉండునని మేము మాట ఇవ్వలేము. కాని ఆమె ముఖము ఆమె ముఖముగానే ఉండును.’ కొన్ని వారములకు జవాబు వచ్చినది. ఆవిడ ఒప్పుకొన్నారట. పుండు చిన్నదిగా ఉండుటచేత చెవి దగ్గరి చర్మముతోనే పని తీరినదట. నుదుటి చర్మము కావలసి రాలేదు. శ్రావణమాసపు పేరంటములకు వెళ్లుచున్నారని కుమారుడు వ్రాసినాడు.

నెలకు మించి మానని పుండు, తరచు రక్తము చెమర్చు మచ్చ, పెరుగుచున్న నల్లని బుడిపె ముఖముపై కనబడినచో, పసుపు పూసి, సున్నము రాసి కాలము గడుపక, వైద్యునకు చూపవలెనని శ్రోతలందరికి మా మనవి. ఆలస్యమైనకొలది కోయవలసిన చర్మము ఎక్కువగును.

కోవాస్‌జీ నుదుట మైనపు రేకు పెట్టి గీత గీసిన ఆ పనివాని పేరు మనకు తెలియదు. పగలు ఇటుకలు కోసి ఆరబెట్టి, అవసరమైనప్పుడు మనుష్యుల ముఖములు నిలిపినవాడు. నేడు ఏ దేశములోనైనను ఒక వైద్యుడు నుదుటిపై గీత గీయునప్పుడు ఆ చేయి పేరు లేని ఆ చేతి వెంటనే నడచుచున్నది. అతనిని ఒకసారి తలచుకొనుటకే ఈ సాయంకాలపు పదునైదు నిమిషములు తీసికొన్నాము.